వీరావల్ మంట

పెదపేట, శ్రీకూర్మం పోస్టు
19-6-2016

వదినకి భారతి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టబోయి ఆగాను. మీ అమ్మ క్షేమం. పాప క్షేమం. దానికి రెండో తరగతి పుస్తకాలిచ్చారు, అట్టలు వేయించుకునేదాకా నన్ను కూర్చోనివ్వలేదు. మీ తమ్ముడు వీరావల్ బోట్ల మీద నుంచి వచ్చి మూడు వారాలు దాటింది, అతనూ క్షేమమే. నీకోసం గుజరాత్ దుప్పటి తెచ్చాడు, ఎర్రంచుది. గరివిడి వైపు ఎవరైనా వస్తే పంపుతాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానంటే ఏదో ఉందని నీకు ఈపాటికి తెలిసిపోయుంటుంది. మాది ఒక్క గది ఇల్లు. నేను ఫోన్లో గొంతు తగ్గిస్తే మీ అమ్మ చెవి పెరుగుతుంది. ఇది ఆవిడ వినే మాట కాదు. నీకైనా ఎలా చెప్పాలో తెలియక ఇప్పటికే ఒక ఉత్తరం చింపేశాను. ఇది మాత్రం చింపను.

వదినా, నాకు ఒంటికి వెళ్తే మంట. కారం రాసినట్టుంటుంది. వెళ్ళొచ్చి కూర్చుంటే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలు. పొత్తికడుపు లాగేస్తుంది. నిరుడూ వచ్చింది, అంతకు ముందేడూ వచ్చింది. మీ తమ్ముడు వచ్చిన వారానికి మొదలవుతుంది, అతను రైలెక్కాక కొన్నాళ్ళకి పోతుంది. అతను లేని తొమ్మిది నెలల్లో ఒక్కసారీ రాలేదు. దీనికి నేనేం అర్థం చెప్పుకోవాలి?

మొన్న వేసవిలో బడి దగ్గర మీటింగ్ పెట్టారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మేడమ్ బొమ్మలు చూపించి, దూరపు హార్బర్లలో పనిచేసే మగవాళ్ళు అక్కడ జబ్బులు అంటించుకుని ఇంటికి తెస్తారని చెప్పింది. ఎవరికైనా అనుమానాలుంటే అడగమంది. పేటలో ఆడవాళ్ళందరం నేల చూశాం. ఒక్కరూ అడగలేదు.

ఆర్.ఎం.పి. దగ్గర మాత్రలు తెచ్చుకున్నాను. రెండు రోజులు వేసుకుంటే మంట తగ్గింది, మిగతావి మళ్ళీ పనికొస్తాయని దాచాను. నీళ్ళలో డెట్టాల్ వేసుకుని రెండు పూటలా శుభ్రం చేసుకుంటున్నాను. మళ్ళీ వచ్చింది.

వారం నుంచి చాప మీ అమ్మ పక్కన వేసుకుంటున్నాను. మీ తమ్ముడు మొదటి రోజు “ఏటైనాది?” అని అడిగాడు. జ్వరమన్నాను. రెండో రోజూ అడిగాడు. తర్వాత అడగడం మానేశాడు.

మీ అమ్మ చేపల తట్ట ఎత్తుకుని బజారుకి పోతే అతను పెరిగింది నీ చంకలో. నువ్వు చెప్పు, అతను అలాంటి మనిషేనా? అయితే అతని చెయ్యి నా మీద పడనివ్వను. కాకపోతే నేను చేస్తున్నది ఎంత పాపమో నాకే తెలియదు. తొందరగా రాయి.

నీ మరదలు
భారతి

*

గరివిడి
27-6-2016

భారతికి,

నీ ఉత్తరం చదివిన పూట నాకు అన్నం దిగలేదు. మీ అన్నయ్య స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచం మీదున్నారు, సిమెంటు కట్టు వేశారు. కట్టు లోపల దురద అని రోజంతా నన్ను తిడుతున్నారు. ఇంట్లో ఆ గోల చాలదన్నట్టు నువ్వొకటి తెచ్చావు.

మా కొండబాబు అలాంటివాడు కాదు. వలలో తాబేలు పడితే దండం పెట్టి నీళ్ళలో వదిలేదాకా ముద్ద ముట్టని గుంటడు వాడు. వాడిని నేను పెంచాను. నీకు పెళ్ళై ఎనిమిదేళ్ళు కాలేదు, వాడి గుణం నన్నడుగుతున్నావు.

నేనూ ఒక మాట అడుగుతాను. వాడు లేని తొమ్మిది నెలలూ నువ్వు చేపల తట్టతో శ్రీకాకుళం వీధులన్నీ తిరుగుతావు. ఎక్కడికెళ్ళావు, ఎవరితో మాట్లాడావు అని వాడు నిన్ను ఎప్పుడైనా అడిగాడా? అడగలేదు కదా. నువ్వూ అలాగే ఉండాలి.

ఇక మంట సంగతి. అది వేడి. పెళ్ళైన కొత్తలో నాకూ వచ్చింది. మా అత్త బార్లీ కాచి తాగించింది, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది. తగ్గేది, వచ్చేది, మళ్ళీ తగ్గేది. నేను మీ అన్నయ్య మీద అనుమానం పెట్టుకుని కూర్చోలేదు. ఎండు నెత్తళ్ళ చేపలు మానేయి, కొబ్బరినీళ్ళు తాగు, చాప తీసుకెళ్ళి ఎక్కడ వేయాలో అక్కడ వేసుకో.

పాపకి మేనత్త ముద్దులు. కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి, ఫ్యాక్టరీ పొగ వల్లేనని మీ అన్నయ్య అంటారు. ఆయనకి అన్నీ దానివల్లే.

చిన్నతల్లి

*

పెదపేట
7-7-2016

వదినకి,

నీ ఉత్తరం కంటే నీ ఫోను ముందొచ్చింది. నువ్వు అతనికి ఫోన్ చేస్తావని నాకు రాయలేదు. ఆ మాట ముందే తెలిసుంటే పోస్టు డబ్బా లోపలికి చెయ్యి పెట్టైనా నా ఉత్తరం వెనక్కి లాక్కునేదాన్ని.

మీ తమ్ముడు ఫోన్ పట్టుకుని ఒడ్డు వైపు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మొహంలో నెత్తురు లేదు. “నన్నడిగితే నాను సెప్పీవోడిని కాదా? మా అక్కకి రాస్తావా?” అన్నాడు. అంతే, అరవలేదు. అరిచుంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్ళాడు. నేను పంపలేదు, ఎవరూ పంపలేదు. మన పేట వాళ్ళు పది మంది చూసేచోట ఆ రక్త పరీక్ష గది ముందు నిలబడ్డాడట, మన వీధి ఎల్లాజీ చూసి చెప్పాడు. ఫలితం వచ్చిన రోజు గుమ్మంలోనే నిలబడి “నాకేటీ నేదన్నారు. ఇంక నువ్వు సెప్పు” అన్నాడు. ఏం చెప్పను వదినా? అతను సంచి సర్దుకుని విశాఖపట్నం హార్బర్‌కి వెళ్ళిపోయాడు. అక్కడ బోట్ల రిపేరు పని ఉందట, వేట మొదలయ్యే రోజులకి అటునుంచటే వీరావల్ రైలెక్కేస్తాడట. పాప ఏడుస్తూ రోడ్డు దాకా పరుగెత్తింది.

అతను వెళ్ళాక నీ ఉత్తరం చేతికొచ్చింది. ఆ తొమ్మిది నెలల వాక్యం చదివాను. ఇంక నీకు రాయకూడదనుకున్నాను. మరి ఇంకెవరికి రాయను?

మీ అమ్మకి ఇప్పుడు అంతా తెలిసిపోయింది. “ఆడికేటీ నేకపోతే మరి నీకెక్కడిది?” అని ఒకే ఒక్క మాట అంది. ఆ తర్వాత మామూలుగానే ఉంది, అన్నం పెడుతుంది, పాప జడ వేస్తుంది. ఆ మాట మాత్రం ఇంట్లోనే తిరుగుతోంది.

నువ్వు చెప్పినట్టు బార్లీ తాగాను. నిన్నటి నుంచి చలి జ్వరం. కుడి వైపు నడుం పైన, పక్కటెముకల కింద, పోట్లు పొడుస్తున్నాయి. డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే భయం. ఆ జబ్బు పేరే చెప్పారనుకో, నువ్వు అడిగిన మాట నిజమని అందరూ అనుకుంటారు. మీ తమ్ముడూ అనుకుంటాడు. అందుకే పడుకున్నాను.

భారతి

*

గరివిడి
12-7-2016

భారతీ,

నీకు ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. నీకివ్వమన్నాను. నువ్వు పడుకునే తల అడ్డంగా ఊపావట. సరే, నా గొంతు వినక్కర్లేదు, ఈ కాగితం చదువు. మా పక్కింటి లక్ష్మణమ్మ కూర్మనాథస్వామి దర్శనానికి వస్తోంది, ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను. పోస్టులో వేస్తే నువ్వు తెరవకుండా పొయ్యిలో పెడతావని భయం.

వాడికి జబ్బు లేదని తేలింది. నువ్వేమిటో నాకు తెలుసు. తెలిసి కూడా ఆ వాక్యం రాశాను, తమ్ముణ్ణి అన్నారన్న ఉక్రోషంలో రాశాను. అది కొట్టేయి. నీ దగ్గర పెన్ను లేకపోతే మసితో కొట్టేయి. మీ ఇద్దరి తప్పూ లేనప్పుడు ఆ జబ్బు మనం అనుకున్నదే కాదన్నమాట. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు చూడు.

చలి జ్వరం, నడుం పోటు అంటే ఇంక వేడి కాదే తల్లీ, లోపలికి దిగింది. ఈ రోజే శ్రీకాకుళంలో ఆడ డాక్టర్ దగ్గరికి వెళ్ళు. మీ అన్నయ్యని వదిలి నేను రాలేను, అమ్మని వెంట తీసుకెళ్ళు. అక్కడ సిగ్గుపడకు. ఏమడిగితే అది చెప్పు. డాక్టర్ ఏ పేరు చెప్పినా ఆ పేరుతోనే నువ్వు నా మరదలివి.

చిన్నతల్లి

*

పెదపేట
21-7-2016

వదినా,

ఈ ఉత్తరం కూర్చుని రాస్తున్నాను. జ్వరం పోయింది. నడుం నొప్పి కొంచెం ఉంది. నీ వాక్యం మసితో కొట్టేశాను, చెయ్యంతా నల్లగా అయింది, పాప నవ్వింది.

నీ ఉత్తరం వచ్చిన పూటే వెళ్ళాం. మీ అమ్మ బయట బెంచీ మీద కూర్చుంది, లోపలికి నేనొక్కదాన్నే వెళ్ళాను. డాక్టరమ్మకి నీ వయసుంటుంది. ముందు మూత్రం పరీక్షకి పంపింది, నడుం మీద వేళ్ళతో తట్టింది. “కిడ్నీ దాకా వెళ్ళింది. ఇంకో రెండు రోజులు ఆగుంటే మంచమెక్కించి సెలైన్ పెట్టేదాన్ని” అంది. నా భయం చెప్పాను. ఆ పరీక్షలూ చేయించింది. ఏవీ లేవు వదినా. ఆ మాట విన్నాక కుర్చీలోనే ఏడ్చాను, ఆవిడ ఆపమనలేదు.

తర్వాత బొమ్మ గీసి చూపించింది. ఇది ఎక్కడి నుంచో వచ్చిన క్రిమి కాదట. మన పేగులోనే ఉంటుందట, అక్కడున్నంత వరకు ఏమీ చేయదు. ఆడవాళ్ళకి మూత్రం దారి చాలా చిన్నది, మలం దారికి పక్కనే ఉంటుంది. భార్యాభర్తలు కలిసినప్పుడు ఆ క్రిమి జరిగి ఇటు వస్తుంది, పైకి పాకుతుంది. “మీ ఆయన ఎంత మంచివాడైనా, నువ్వెంత శుభ్రంగా ఉన్నా జరుగుతుంది. కొత్తగా పెళ్ళైనవాళ్ళకీ, చాలాకాలం దూరంగా ఉండి కలిసినవాళ్ళకీ మరీ ఎక్కువ” అంది. నీ బార్లీ రోజులు గుర్తొచ్చాయి.

అయితే ఇంక కలవకూడదా అని అడిగాను. ఎందుకు కలవకూడదని నన్నే ఎదురడిగింది. కలిసిన తర్వాత ఒంటికి వెళ్ళి రావాలట. అదే పెద్ద మందని కాదు, కానీ ఖర్చు లేని పని, చేస్తే మంచిదే అంది. నీళ్ళు బాగా తాగాలట, ఆపుకోకూడదట. డెట్టాల్ అసలు ముట్టకూడదు, అక్కడి చర్మం ఇంకా పాడవుతుంది. మంట తగ్గింది కదా అని మాత్రలు మధ్యలో ఆపితే క్రిమి చావదు, మొండికేస్తుంది. అన్నీ నేను చేసినవే.

నీళ్ళు ఎన్ని తాగుతావంది. తెల్లవారుజామున తట్టెత్తితే మళ్ళీ ఇంటికొచ్చేదాకా గుక్క కూడా తాగనన్నాను. తాగితే బజార్లో ఎక్కడికి వెళ్తాం? మా తట్టలవాళ్ళం అందరం అంతే. ఇంట్లో లెట్రిన్ ఉందా అని అడిగింది. ఉందమ్మా, అందులో వలలున్నాయి అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

నీకు తెలుసు కదా, సర్కారు కట్టించిన వాటిలో పేటంతా వలలూ డీజిల్ డబ్బాలే. తాళంచెవులు మగాళ్ళ మొలతాళ్ళకి ఉంటాయి. మేం చీకటుండగానే గుంపుగా సరుగుడు తోటకి పోతాం. మొగుడు ఊళ్ళో ఉన్న రోజుల్లో ఆడది రాత్రి ఒక్కత్తే తోట వైపు నడిస్తే, తెల్లారి గుంపంతా దాన్ని చూసి దగ్గుతారు, నవ్వుతారు. ఆ నవ్వుకి భయపడి తెల్లారేదాకా బిగబట్టుకుని పడుకుంటాను. అది కూడా చెప్పాను. సిగ్గుపడొద్దన్నావు కదా.

మొన్న తోటకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ చెప్పింది అందరికీ చెప్పేశాను. ఎవరూ దగ్గలేదు. చివరికి నరసింగరావు పెళ్ళాం “ఈరావల్ మంట నీకూ వస్తాదేటి?” అంది. దానికి పేరు కూడా ఉంది వదినా. నేను వేరే ఊరి నుంచి వచ్చినదాన్ని, నాకెవరూ చెప్పలేదు. మగాళ్ళు వచ్చే నెలల్లో సగం ఇళ్ళలో ఉంటుందట. ఎవరికి వాళ్ళు మొగుడు అక్కణ్ణుంచి తెచ్చాడనుకుని నోరు మూసుకున్నారు. చాప మార్చింది నేనొక్కదాన్నే కాదు.

మీ అమ్మకీ చెప్పాను. కవళ్ళ చేపలు ఏరుతోంది. వింటూ వింటూ చెయ్యి ఆపేసింది. “అయితే మగోడు తెచ్చింది కాదా?” అంది. కాదత్తా అన్నాను. చేతులు కూడా కడుక్కోకుండా లేచి ఒడ్డుకి వెళ్ళిపోయింది. చీకటి పడ్డాక వచ్చింది. అప్పటి నుంచి మాట లేదు. ఆవిడకేమైందో నీకేమైనా తెలుసా?

మీ తమ్ముడి ఫోన్ మోగుతుంది, ఎత్తడు. నేను తప్పు అనుకున్నానని అతనికి ఎవరు చెప్తారు?

భారతి

*

గరివిడి
28-7-2016

భారతీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి మీ అన్నయ్యకి కూడా వినిపించాను. ఆయన పైకప్పు చూస్తూ “అయితే ఫ్యాక్టరీ పొగ కాదన్నమాట” అన్నారు. నవ్వాలో తన్నాలో తెలియలేదు.

అమ్మ సంగతి అడిగావు. నువ్వు మా నాన్నని చూడలేదు. ఆయన ఒడిశాలో పారాదీప్ బోట్ల మీదికి వెళ్ళేవాడు, అప్పట్లో మనవాళ్ళు అటే పోయేవారు. ఇంటికొచ్చిన నెలల్లో కూడా ఇంట్లో పడుకునేవాడు కాదు. ఒడ్డున తెప్ప పక్కన, ఇసకలో. ఆయనకి గాలి ఇష్టమని మేం అనుకునేవాళ్ళం. దుప్పటి పట్టుకెళ్ళి ఇచ్చేది నేనే, అమ్మ ఎప్పుడూ పట్టుకెళ్ళేది కాదు. ఒకసారి దుప్పటి అందుకుంటూ “మీ యమ్మకి నానంటే అంత రోత ఎందుకే?” అని అడిగాడు. నేను చిన్నదాన్ని, నాకేం తెలుసు? తెల్దు నాన్నా అన్నాను. వానాకాలం కూడా తెప్ప కిందే పడుకునేవాడు. ఆ దగ్గుతోనే పోయాడు.

అమ్మ ఆయన్ని ఎందుకు దూరం పెట్టిందో ఇప్పుడు తెలిసింది. చెప్పడానికి ఆయన లేడు. నీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. అమ్మని ఏమీ అడగకు. తనే చెప్తే విను.

ఒకరు ఒడ్డున పడుకున్నది చాలు. అందుకే మీ అన్నయ్యకి కర్ర చేతికిచ్చి, రైలెక్కి విశాఖపట్నం హార్బర్‌కి వెళ్ళాను. కొండబాబు రంగు మరకలతో బోటు కింద నుంచి వచ్చాడు. టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి అంతా చెప్పాను. తోట సంగతి, వలల సంగతి, దగ్గుల సంగతి కూడా. అక్క తమ్ముడికి చెప్పే మాటలు కావు. చెప్పాను. వాడు తలెత్తలేదు. ఆఖరికి “నాకు సెప్పొచ్చు కదక్కా” అన్నాడు. చెప్పడానికి దానికి మాట తెలియదురా, నీకూ తెలియదు, నాకూ ఇప్పుడే తెలిసింది అన్నాను. ఇంటికి వస్తాననలేదు. నాన్న సంగతి చెప్పాను. టీ తాగకుండానే లేచి బోటు కిందికి వెళ్ళిపోయాడు. ఇంక నా చేతిలో ఏమీ లేదు.

మాత్రలు ఆఖరిదాకా వేసుకో. తట్టలో నీళ్ళ సీసా పెట్టుకో.

చిన్నతల్లి

*

పెదపేట
8-8-2016

వదినకి,

ఈసారి మొదటి మాట నిజంగానే రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం.

మీ తమ్ముడు మొన్న శుక్రవారం వచ్చాడు. పాపని ఎత్తుకున్నాడు, నాతో మాట్లాడలేదు. చొక్కా కూడా విప్పకుండా పెరట్లోకి వెళ్ళి లెట్రిన్ తాళం తీశాడు. వలలన్నీ భుజాన వేసుకుని మోసి మా గదిలో దూలానికి కట్టాడు. డీజిల్ డబ్బాలు అరుగు కిందికి తోశాడు. లోపల కడిగి, డ్రమ్ములో నీళ్ళు నింపి, వైరు లాగి బల్బు పెట్టాడు. తలుపుకి గడియ లేదు, శ్రీకాకుళం వెళ్ళి కొనుక్కొచ్చి బిగించాడు. వీధిలో మగాళ్ళు ఏట్రా ఇది అని నవ్వారు. “మా ఇంట్లో ఆడోళ్ళకి” అన్నాడు, గట్టిగానే అన్నాడు. ఇప్పుడు మా గదంతా వల కంపు. చాప వేసుకుంటే మొహం మీదికి వేలాడుతుంది.

అప్పుడు నేను చెప్పాను, నిన్ను అనుమానించాను అని. “నానూ నిన్ను ఒదిలీసి పోనాను కదా” అన్నాడు. ఆ తర్వాతి మాటలు నీకు రాయను. చాప ఎక్కడ వేయాలో అక్కడ వేశాను.

నరసింగరావు ఇంట్లోనూ వలలు బయటికొచ్చాయి. ఎల్లాజీ మాత్రం వానకి వలలు పాడవుతాయంటున్నాడు. వాళ్ళావిడ ఊరుకునేలా లేదు. బజార్లో మాత్రం మాకు చోటు లేదు ఇంకా. తట్టలవాళ్ళం అందరం కలిసి మున్సిపాలిటీకి వెళ్దామనుకుంటున్నాం, నువ్వు అర్జీ రాసి పంపు. నీ చేతిరాత బాగుంటుంది.

మీ తమ్ముడికి వచ్చే వారం రైలు. ఈసారి స్టేషన్ దాకా వెళ్తాను.

మీ అమ్మ సంగతి ఆఖరికి ఉంచాను. నేను ఏమీ అడగలేదు. నిన్న సాయంత్రం తనే నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళింది. పాత తెప్పలుండే చోట, ఇసకలో కూర్చోమంది. “ఆ డాట్రమ్మ ఏటన్నాదో మల్లీ సెప్పు” అంది. అప్పటికే చాలాసార్లు చెప్పాను, మళ్ళీ చెప్పాను. ఇది ఎవరూ బయట నుంచి తెచ్చింది కాదత్తా, మన ఒంట్లోదే, మగోడి తప్పేమీ లేదు అన్నాను. సముద్రం హోరులో మాట కొట్టుకుపోయింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇసక వైపే చూస్తోంది.

“గట్టిగా సెప్పే. ఆయనకి ఇనబడాల” అంది.

గట్టిగా చెప్పాను వదినా.

నీ మరదలు
భారతి